ఎంత అని అడగలేని బోర్డు

ఇరవై రెండు దీనార్లు చెప్పిన కంప్యూటర్ బోర్డును నేను పద్నాలుగుకు దించాను. దాని మీదున్న ముక్కల్లో ఏది ఎందుకో ఒక్కటీ తెలియకుండానే దించాను. పనికొచ్చేవన్నీ బేరంలో తీయించేసి, మెరిసేవన్నీ మిగుల్చుకున్నాను. కువైట్‌లో ఇంత నేర్పుగా నష్టపోయిన తెలుగువాడు ఇంకొకడుంటే చూపించండి, చాయ్ ఖర్చు నాది. ఇందులో అసలు ఘనత ఏమిటంటే, అమ్మినవాడు నన్ను మోసం చెయ్యలేదు. ప్రతి ముక్కా ఎందుకో చెప్తూనే ఉన్నాడు. చెప్పనివ్వంది నేనే.

మాది కొట్ల వంశం. గోదావరి పక్కన ఒక చిన్న ఊళ్లో బజారు వీధి సగం మావాళ్లదే. నాన్నది ఇనప సామాన్ల కొట్టు: మేకులు, బందులు, గడియలు, బావి గిలకలు. పెదనాన్నది కిరాణా, మేనమామది బట్టలు. నాకు మాటలకన్నా ముందు బేరం వచ్చిందని మా అమ్మ చెబుతుంది. ఒక చేతిలో బెల్లం ముక్క పెడితే రెండో చెయ్యి కూడా చాపేవాణ్ణట. ఇప్పుడు ఫర్వానియాలో సెల్‌ఫోన్ సామాన్ల దుకాణంలో కౌంటర్ దగ్గర కూర్చుంటాను. దుకాణం నాది కాదు, బేరం మాత్రం నాదే.

ఆ బోర్డు నా సరదాకి కొనలేదు. మా ఆవిడ తమ్ముడు, అంటే నా బామ్మర్ది, వఫ్రాలో ఒక తోటలో పని చేస్తాడు. అక్కడ ప్లాస్టిక్ కప్పిన పొడుగాటి గ్రీన్‌హౌస్‌లో కీరదోస నారు పెంచుతారు. ఒక పక్క గోడ మీద నీళ్లు కారుతూ ఉంటాయి, ఎదుటి పక్క పెద్ద ఫ్యాన్లు ఆ తడిగాలిని లాగుతూ ఉంటాయి. సెప్టెంబరు ఎండలో ఆ ఫ్యాన్లు ఆగాయంటే నారుమడి కాస్తా పొయ్యి అవుతుంది. ఒకసారి అలాగే ఆగాయి. బ్రేకర్ పడిపోయిన సమయానికి మావాడు తోట అవతల పగిలిన పైపు దగ్గరున్నాడు. తిరిగొచ్చేసరికి మొక్కలు పడుకున్నాయి.

"ట్రేలన్నీ తలకాయలు వాల్చేసినియ్యి బావా," అన్నాడు ఫోన్లో. "బాబా ఒచ్చి చూసేడు. అరవలేదు. అరిసినా బాగుండును. ఇంకోపాలి ఇలాగైతే ఖలాస్, ఇఖామా రెన్యువల్ చెయ్యనని చెప్పి ఎల్లిపోయేడు."

బాబా అంటే వాడి కఫీల్, తోట యజమాని. మావాడి ఇఖామా, ఈ దేశంలో ఉండనిచ్చే ఆ కాగితం, త్వరలోనే ముగుస్తుంది. వాడు ఇక్కడికొచ్చి ఇంకా కాలూనుకోలేదు. ఇంటి మీద కొత్త రేకులైనా వెయ్యకుండా వెనక్కి వెళ్లడమంటే ఎలా ఉంటుందో నాకూ తెలుసు.

"నీకెందుకురా, నేనున్నాగా," అన్నాను. "కంప్యూటర్‌తో కాపలా పెట్టిస్తాను."

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందంటే, ఆ వారమే ఫోన్లో ఒక వీడియో చూశాను. అరచేతిలో పట్టే ఆకుపచ్చ బోర్డు. తెరా కీబోర్డూ తగిలిస్తే కంప్యూటర్. అంచున సూదుల్లా నిలబడ్డ కాళ్లకి తీగలు తగిలిస్తే వేడి కనిపెడుతుంది, గంట మోగిస్తుంది. నా గదిలో ఉండే రాయచోటి తమ్ముడు ఏసీ మెకానిక్. అతను మంచం మీంచి లేవకుండానే ఒక మాట అన్నాడు.

"కరెంటు పోతే మొత్తుకునే డబ్బాలు అంగట్లో అమ్ముతారు అన్నా. తెచ్చి తగిలిచ్చు, అయిపాయె."

"కరెంటు ఉండి ఫ్యాను బెల్టు తెగితే? నీళ్లు ఆగిపోతే? మనకి తెలియాల్సింది వేడి."

"అయితే కొను. నీ బేరం యెట్లుంటాదో నేనూ సూస్తా."

శుక్రవారం సంతకి వెళ్లాను. ఆ రోజు గాలిలో దుమ్ము నిలబడిపోయి ఉంది. సూర్యుడు ఎక్కడున్నాడో తెలియని పలచటి పసుపు వెలుతురు. మనుషులు దగ్గరికొచ్చేదాకా నీడలు, దాటిపోగానే మళ్లీ నీడలు. ఒక దుప్పటి మీద పాత రిమోట్ల మధ్య, జత లేని బూట్ల మధ్య ఆ బోర్డు ఉంది. దుప్పటి వెనక గడ్డానికి గోరింటాకు పెట్టుకున్న పెషావరు పెద్దాయన. మా బేరం ఉర్దూలో సాగింది, తెలుగులో అయితే ఇలా ఉండేది.

"ఇరవై రెండు," అన్నాడు. "చూడు, తెరలు తగిలించుకోను రెండు కన్నాలు. యూఎస్‌బీ నాలుగు. ఇంటర్నెట్ తీగకి ఒకటి. ఈ సన్న పట్టీ కెమెరాకి. కాళ్లు నలభై."

నేను కన్నాలు లెక్కపెట్టాను. మా నాన్న కొట్లో బందుకి ఎన్ని కన్నాలుంటే అంత ధర. అంతకన్నా నాకు తెలిసిన విద్య లేదు.

"ఈ అడాప్టర్ తీసెయ్యి. నా దుకాణంలో చార్జర్లు గంపలకొద్దీ ఉన్నాయి."

"దీనికి గట్టి కరెంటు కావాలి, మామూలు చార్జర్..."

"తీసెయ్యి. ఈ అల్యూమినియం బిళ్ల ఏంటి?"

"చిప్ మీద అంటించాలి. దాని వేడి ఇది లాగేస్తుంది."

"నేను ఏసీలో కూర్చునేవాణ్ణి. తీసెయ్యి. ఈ గుండు బ్యాటరీ?"

"గడియారం. కరెంటు లేనప్పుడు టైం గుర్తుపెట్టుకుంటుంది."

"టైం చూసుకోడానికి ఫోనుంది."

పెద్దాయన బ్యాటరీని కూడా పక్కన పెట్టేశాడు. "బోర్డు కూడా తీసేస్తాను భాయ్, ఖాళీ డబ్బా పట్టుకెళ్లు. ఇంకా చౌక."

పద్నాలుగు దగ్గర తెగింది. డబ్బిచ్చాను. ఇచ్చాక వెళ్లిపోవాలి కదా. మా ఇంట్లో బేరం అక్కడ అవదు. తూకం అయిపోయాక పైన ఇంకో చిటికెడు కొసరు పడాలి. అది పడకపోతే కొన్నవాడికి అవమానం, వెయ్యకపోతే అమ్మినవాడికి అవమానం. ఉర్దూలో దాన్ని ఏమంటారో నాకు తెలియదు. అందుకని అరచెయ్యి చాపి ఊరికే నిలబడ్డాను. ఆయనకి అర్థమైంది. గడ్డంలోంచి నవ్వి, పక్కనున్న బిస్కెట్ డబ్బాలో చెయ్యి పెట్టి, బొటనవేలంత ఇంకో నీలం బోర్డు తీసి నా చేతిలో వేశాడు. దాని మీద ఒకటే సన్న కన్నం, మెరుపు లేదు. చేతి సంచి అడుగున పడేసి మర్చిపోయాను.

ఆ సాయంత్రం గదిలో పెద్ద బోర్డుకి మా టీవీ తగిలించాను. దుకాణం నుంచి తెచ్చిన చార్జర్ పెట్టగానే ఎర్ర దీపం వెలిగింది. పక్కన ఆకుపచ్చ దీపం ఆగి ఆగి మిణుకుమంది, లోపల ఎవరో లాంతరు పట్టుకుని గది నుంచి గదికి తిరుగుతున్నట్టు. నేను తల వంచి చూస్తూ ఉండిపోయాను. అంత దగ్గరగా చూస్తే అది మా బజారు వీధి. యూఎస్‌బీ కన్నాలు మిట్టమధ్యాహ్నం షట్టర్లు దించుకున్న కొట్లు. ఇంటర్నెట్ తీగ దూరేది బియ్యం గోదాము గుమ్మం. నలభై కాళ్లు మా నాన్న సొరుగులో తలలు పైకి పెట్టుకున్న మేకులు. నడిమధ్య నల్లగా, కిటికీ ఒక్కటీ లేకుండా, ఊళ్లో అందరికీ అప్పులిచ్చే షావుకారి మేడ, అది ప్రాసెసర్. దాన్ని ఆనుకుని ఇంకో నల్ల అరుగు, అది మెమరీ. షావుకారు చెప్పింది చెప్పినట్టు తలలో పెట్టుకుని, దీపం ఆర్పగానే అంతా మర్చిపోయే గుమస్తా కూర్చునే చోటు. వీధంతా మధ్యాహ్నపు నిద్రలో ఉంది. ఏ కొట్టు ముందైనా గట్టిగా దగ్గితే ఎవరో ఒకరు లేస్తారనిపించింది.

టీవీ మీద పైమూలన తారీఖు కనబడింది. గురువారం, జనవరి ఒకటి, 1970.

ఈ జాతి యంత్రాలు కాలాన్ని ఆ రోజునుంచి లెక్కపెడతాయట. ఇంటర్నెట్ ఉంటే అడిగి సరిచేసుకుంటాయి. గడియారం ముక్క ఉంటే గుర్తుపెట్టుకుంటాయి. మా గదిలో ఇంటర్నెట్ లేదు, గడియారం నేను తీయించేశాను. కాబట్టి అది ఎప్పుడు నిద్ర లేచినా ఆ గురువారంలోకే లేస్తుంది. ఆ గురువారానికి నేను పుట్టలేదు. నాన్న నిక్కర్లలో ఉండి ఉంటాడు. తాతయ్య అప్పుడే కొట్టు తలుపు పలకలు ఒక్కొక్కటీ ఊడదీసి గోడకి చేరవేసి, గుమ్మం ముందు నీళ్లు చల్లి, తడిమట్టి వాసనలో మొదటి బేరం కోసం వీధి చివరికి చూస్తూ ఉంటాడు. నేను చార్జర్ పీకి మళ్లీ పెట్టాను. మళ్లీ ఆ తెల్లవారే. బయట ఫర్వానియాలో బస్సులు హారన్లు కొడుతున్నాయి, గదిలో ఎవరో చేపలు వేయిస్తున్నారు. నేను మాత్రం నీళ్లు చల్లిన ఆ గుమ్మం ముందు కాసేపు ఉండి వచ్చాను.

"ఏందినా ఆ మెరుపు?" అన్నాడు రాయచోటి తమ్ముడు. టీవీ మూలన పసుపుపచ్చ మెరుపు గుర్తు ఒకటి వచ్చి పోతోంది. "కువైట్‌లో వాన గాని వస్తాదా?"

కరెంటు చాలడం లేదని ఆ గుర్తుకి అర్థం. గంపలకొద్దీ ఉన్న నా చార్జర్ల పస అది.

వేడి కనిపెట్టే ముక్కని అతనే ఇచ్చాడు. చచ్చిపోయిన ఏసీలోంచి పీకింది, రెండు తీగల చివర మిరియపు గింజంత నల్ల చుక్క. వేడి పెరిగే కొద్దీ అందులోంచి కరెంటు కాస్త కాస్త సులువుగా పోతుంది. దాన్ని బోర్డు కాలికి కలిపి, వేళ్ల మధ్య నలిపి, టీవీ మీద అంకె మారుతుందేమో అని చూశాను. సున్నా వచ్చింది. కప్పు చాయ్‌కి ఆనించాను. ఒకటి వచ్చింది. సున్నా, ఒకటి. ఇంకేమీ రాదు.

దుకాణంలో గిరాకీ లేనప్పుడల్లా చదివి తెలుసుకున్నాను. ఆ నలభై కాళ్లలో దేన్నడిగినా ఉందా లేదా అన్నదే చెప్తుంది. ఎంత ఉందో చెప్పదు. షావుకారు మేడ అంతున్నా, సినిమా ఆడించగలిగినా, దానికి ఎంత అన్న మాట రాదు. ఎంత అని అడగలేని వస్తువుని కొట్లో పుట్టిన నేను బేరమాడి ఇంటికి తెచ్చుకున్నాను.

వేడిని తనే అంకెల్లో చెప్పే ముక్కలు వేరే ఉంటాయట. తెప్పించేదాకా నారు ఆగదు. అందుకని ఒక ఉపాయం చేశాను. మధ్యలో కరెంటుని అడ్డుకునే చిన్న చిన్న రెసిస్టర్లు మార్చి మార్చి, సరిగ్గా మొక్కలకి ప్రమాదమయ్యే వేడి దగ్గర ఆ 'లేదు' కాస్తా 'ఉంది' అయ్యేలా కుదిర్చాను. ఒకటే ధర కొట్టన్నమాట. నా తెలివికి నేనే మురిసిపోయి, ఎవరిదో తోట వ్యాను పట్టుకుని తర్వాతి శుక్రవారం వఫ్రా వెళ్లాను.

గ్రీన్‌హౌస్ లోపల వెలుతురు పలచటి మజ్జిగలా ఉంది. ప్లాస్టిక్ మీద దుమ్ము, లోపలి పక్క చెమట. నీళ్ల గోడ గొణుగుతోంది. ట్రేల నిండా కొత్త నారు, ఒక్కోదానికి రెండేసి ఆకులు. బోర్డుని గుమ్మం దగ్గర మెయిన్ స్విచ్ పక్కన పెట్టాను. నీళ్ల ట్యాంకర్లు వెనక్కి వెళ్లేటప్పుడు మోగే హారన్ ఒకటి కొని దానికి కలిపాను. కాసేపట్లోనే ప్రాసెసర్ మీద వేలు పెట్టలేకపోయాను. అల్యూమినియం బిళ్ల లేదుగా. తోటకి వేడి తగలకముందే కాపలావాడికి తగిలింది. అయినా పని చేస్తోంది.

"బ్రేకర్ దించరా," అన్నాను. "చూద్దాం."

బామ్మర్ది దించాడు. ఫ్యాన్లు బరువుగా తిరిగి తిరిగి ఆగాయి. నీళ్ల గోడ గొణుగుడు సన్నబడి చుక్కలైంది. ఎర్ర దీపం, ఆకుపచ్చ దీపం రెండూ ఆరిపోయాయి. ఎక్కడా చప్పుడు లేదు. ఒక చుక్క పడింది, ఇంకో చుక్క పడింది.

"బావా."

"ఊఁ."

"ఇది కూడా ఆ లైన్లోనే ఉంది కదా."

"ఊఁ."

"మరి ఎవరు అరుత్తారు?"

దుకాణం నుంచి తెచ్చిన పవర్‌బ్యాంకు పెట్టి చూశాను. హారన్ మోగబోయే సమయానికి కరెంటు చాలక బోర్డు కళ్లు మూసుకుని, మళ్లీ మొదటినుంచి లేవడం మొదలెట్టింది. దానికి ఇంకో గురువారం తెల్లవారుతోంది. ఇక్కడ నారు ఉడుకుతోంది. మావాడు పరుగెత్తి బ్రేకర్ ఎత్తాడు. వచ్చి నా పక్కన ట్రే అంచు మీద కూర్చున్నాడు.

"పై శుక్రవారం బాబా ఒత్తానన్నాడు," అన్నాడు నేల చూస్తూ. "మా బావ కంప్యూటర్ పెడతన్నాడని చెప్పేసేను."

"చెప్పేముందు నన్నడగాలా వద్దా?"

"నువ్వే కదా నేనున్నాగా అన్నావు."

ఫర్వానియాకి తిరిగొస్తూ దారి పొడుగునా నిద్రపోయినట్టు నటించాను.

రెండు రోజులకి దుకాణంలో తాళాలు వెతుకుతుంటే సంచి అడుగున చేతికి ముళ్లు గుచ్చుకున్నాయి. కొసరు బోర్డు. ఈసారి దాన్ని ఎండకి పట్టుకుని కాళ్ల పక్కన రాసిన చిన్న అక్షరాలు చదివాను. కొన్ని కాళ్ల దగ్గర ఉత్త అంకెలు. ఇంకొన్నిటి ముందు 'ఏ' అన్న ఇంగ్లీషు అక్షరం. ఆ 'ఏ' కాళ్లు ఎంత అని అడిగే కాళ్లట. ఏమీ లేకపోతే సున్నా, నిండా ఉంటే వెయ్యిన్నీ ఇరవై మూడు, మధ్యలో ఎక్కడున్నా అక్కడి అంకె చెప్తుంది. తెర ఉండదు. షావుకారు ఉండడు. వీధి ఉండదు. ఒకటే గది కొట్టు. కరెంటు తగలగానే కళ్లు తెరిచి, చెప్పిన ఒక్క పనినే మళ్లీ మళ్లీ చేసుకుంటుంది. ఏ రోజో దానికి తెలియదు, తెలుసుకోవాలనీ ఉండదు. ఆ రాత్రి గదిలో దాన్ని పెద్ద బోర్డుకి తగిలించి, ఏసీలోని నల్ల చుక్కని 'ఏ' కాలికి కలిపి ఊదాను. టీవీ మీద అంకె ఒక్కో మెట్టూ ఎక్కింది. ఆపాను. ఒక్కో మెట్టూ దిగింది. నాకు మా నాన్న త్రాసు ముల్లు కనబడింది.

ఏం చెయ్యాలో ఆ చిన్నదానికి రాసి పంపడానికి ఒక కంప్యూటర్ కావాలి. ఆ పని పెద్ద బోర్డు చేసింది. చల్లటి గదిలో, రాయచోటి తమ్ముడు తెచ్చిన సరైన అడాప్టర్‌తో, మెరుపు గుర్తు లేకుండా చేసింది. అందుకని దాన్ని పూర్తిగా దండగ అనలేను. చదువు చెప్పే పంతులు పనికొచ్చింది, పొలం పనికే రాలేదు. హారన్‌ని ఆడించే చిన్న రిలే కూడా పాత ఏసీదే. కరెంటుకి తోటలో మూలపడ్డ మోటార్ సైకిల్ బ్యాటరీ సరిపోతుందని లెక్క తేలింది. ఆ చిన్నది తినేది పిచ్చుక తిండి.

పై శుక్రవారం చిన్నదాన్ని ఖర్జూరాల రేకు డబ్బాలో పెట్టి, ఆ బ్యాటరీకీ హారన్‌కీ కలిపి, డబ్బాని మెయిన్ స్విచ్ కింద నేల మీద ఉంచాను. పెద్ద బోర్డుని పైన అలమరలో దీపాలు వెలిగేలా పెట్టాను. కొట్టు ముందు బొమ్మకి చీర కట్టి నిలబెడతారు కదా, అలాగ.

బాబా వచ్చాడు. కాళ్లదాకా తెల్లటి దిష్‌దాషా, చేతిలో ఫోను. నేరుగా పెద్ద బోర్డు దగ్గరికి వెళ్లి వంగి చూశాడు.

"షినూ హాదా?" అన్నాడు. ఇదేమిటని.

"కంప్యూటర్, బాబా," అన్నాడు మావాడు.

చూపించడానికి మావాడే బ్రేకర్ దించాడు. ఫ్యాన్లు ఆగాయి. అలమరలో దీపాలు ఆరాయి. బాబా ఆరిన దీపాల వంక చూసి, తర్వాత నా వంక చూశాడు. మజ్జిగ వెలుతురులో నారు కదలకుండా నిలబడి ఉంది. చుక్కలు పడుతున్నాయి. వేడి నెమ్మదిగా, ఎవరో వెనకనుంచి దుప్పటి కప్పుతున్నట్టు, భుజాల మీదికి వచ్చింది. నాకు ఎందుకో మధ్యాహ్నం మా కొట్లో గోనెసంచుల మీద పడుకున్నట్టుంది. నాన్న లెక్క గొణుక్కుంటున్నట్టు, నేను లేవాల్సిన పని ఏదీ లేనట్టు. మావాడు నా వైపు చూడటం మానేశాడు. వాడి చెయ్యి బ్రేకర్ మీదే ఉంది. ఒక ట్రేలో అంచు మొక్క కొద్దిగా తల దించింది. బాబా ఫోను జేబులో పెట్టుకున్నాడు, వెళ్లిపోబోయేవాడిలాగ.

అప్పుడు నేల మీది ఖర్జూరాల డబ్బా ట్యాంకర్‌లా అరిచింది. అవతలి తోటలో గొర్రెలు చెదిరి పరుగెత్తాయి. మావాడు బ్రేకర్ ఎత్తి, అక్కడే గోడకి ఆనుకుని చతికిలపడ్డాడు.

బాబా అలమర వంక చూశాడు, డబ్బా వంక చూశాడు. వంగి మూత తీసి, లోపలున్న బొటనవేలంత ముక్కని చూసి నవ్వాడు. వాళ్ల తాతలు ఓడల్లో ఖర్జూరాలు వేసుకుని మన రేవులకి వచ్చిన వ్యాపారులే. బొమ్మకి కట్టిన చీర ఆయనకి తెలియనిదేం కాదు.

"జేన్," అన్నాడు మావాడితో. బాగుందని. మందూబ్‌కి, అంటే కాగితాలు చూసే మనిషికి, ఆదివారం ఇఖామా పని మొదలుపెట్టమని చెప్తానన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"చమ్?"

ఎంత అని. కువైట్ వాళ్ల మాటల్లో నాకు అందరికన్నా ముందు వచ్చిన మాట అదే. నా నాలుక మీద నలభై సిద్ధంగా ఉంది, ముప్పై దగ్గర తెగుతుందని కూడా తెలుసు. గోడ దగ్గరినుంచి బామ్మర్ది చూస్తున్నాడు. ఆదివారం ఇంకా రాలేదు. నేను చెప్పబోయే అంకె మీద వాడి ఇఖామా కూర్చుని ఉంది. అదీకాక, ఎంత ఉంటే అంతే చెప్పే వస్తువొకటి మా మధ్య నేల మీద ఉంది.

నాకొచ్చిన అరబ్బీలో, వేళ్లు మడుస్తూ చెప్పాను. "హారన్ ఒకటిన్నర దీనారు. తీగలు అర. వేడి చూసే ముక్క, రిలే చచ్చిపోయిన ఏసీవి, వాటికేం లేదు. బ్యాటరీ నీ తోటదే. డబ్బాలో ఖర్జూరాలు మేమే తిన్నాం. పనిచేసే బోర్డు..." కొసరుకి అరబ్బీ కూడా నాకు రాదు. అరచెయ్యి చాపి చూపించాను. "ఊరికే వచ్చింది."

"అదో?" అన్నాడు, అలమరలో మళ్లీ మిణుకుమంటున్న పెద్ద బోర్డుని గడ్డంతో చూపిస్తూ.

"అది పద్నాలుగు. అది నా ఖాతా. నీది రెండు దీనార్లు, బాబా."